పెషావర్‌లో పుట్టి పెరిగిన మా రూమ్మేట్ కుటుంబాన్ని అఫ్ఘానిస్తాన్ పొమ్మంటున్నారు, ఈ కార్డుల సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

జగిత్యాల_షార్జా | ఆగస్టు 24, 2025

అందరికీ నమస్కారం. ఇది నా సమస్య కాదు, నాతో పని చేసే ఒకాయనది. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నాది జగిత్యాల దగ్గర పల్లె. 2013 నుంచి షార్జాలో లారీ టైర్ల షాపులో పని చేస్తున్నా. రూంలో ఆరుగురం ఉంటాం. నలుగురం మనోళ్ళమే, ఒకడు నేపాలీ, ఒకాయన పఠాన్. ఆయన్ని అందరం లాలా అంటాం. ఇక్కడ పఠాన్లు చాలామందికి అదే పిలుపు. నాకు జాకీ పెట్టడం దగ్గర్నుంచి పని నేర్పింది ఆయనే. మా బాపు చనిపోయినప్పుడు రాత్రికి రాత్రి టికెట్ డబ్బులు సర్దింది కూడా ఆయనే. అందుకే ఈ తిప్పలు.

చాలా ఏళ్ళు నేను లాలాను పాకిస్తానీ అనే అనుకున్నా. ఉర్దూ మాట్లాడతాడు, ఊరేదంటే పెషావర్ అంటాడు. 2017లో మన సన్‌రైజర్స్ వాళ్ళు రషీద్ ఖాన్‌ను, నబీని కొన్నప్పుడు రూంలో అందరికీ చాయ్ పోయించాడు. "మీ హైదరాబాద్, మా పిల్లలు" అని ఒకటే మురిసిపోయాడు. పఠాన్ కాబట్టి పఠాన్ల కోసం సంబరపడుతున్నాడు అనుకున్నా. తర్వాత ఒకసారి వీసా రెన్యువల్‌కి అందరి పాస్‌పోర్టులు ఆఫీసులో ఇవ్వడానికి నేనే తీసుకెళ్ళా. చూస్తే ఆయనది అఫ్ఘాన్ పాస్‌పోర్టు. అడిగితే "నేను పెషావర్‌వాణ్ణే, కాగితం మాత్రం కాబూల్‌ది" అన్నాడు.

వాళ్ళ నాయన 1980లో, రష్యా సైన్యం వచ్చిన మరుసటి ఏడాది, అఫ్ఘానిస్తాన్‌లోని కునార్ నుంచి కొండలు దాటి వచ్చాడట. లాలా పుట్టింది 1986లో, పెషావర్ పక్కన కచా గఢీ శరణార్థుల క్యాంపులో. క్యాంపంటే గుడారాలు అనుకున్నా నేను. కాదంట, అన్నీ మట్టి ఇళ్ళే, పెద్ద ఊరంత ఉండేదట. ఇప్పుడు అఫ్ఘాన్ క్రికెట్‌లో పెద్ద పేరున్నవాళ్ళు కొందరు ఆ మట్టిలోనే ఆట నేర్చుకున్నారని చెప్తాడు. 2007లో ఆ క్యాంపు మూసేస్తే బోర్డ్ బజార్ దగ్గర అద్దె ఇంట్లోకి మారారు. ఇప్పుడు అక్కడ వాళ్ళమ్మ, భార్య, ముగ్గురు పిల్లలు, తమ్ముడు ఉంటున్నారు. తమ్ముడికి నాన్ రొట్టెల తందూర్ ఉంది. పెద్దబిడ్డ ఎనిమిదో తరగతి.

పోయిన వారం ఇంటి ఓనర్ వచ్చి ఈ నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. వాళ్ళ దగ్గర పీఓఆర్ కార్డులున్నాయి, అఫ్ఘాన్ శరణార్థులని నమోదు చేసి పాకిస్తాన్‌లో ఇచ్చినవి. జూన్ 30తో గడువు అయిపోయింది, మళ్ళీ పొడిగించలేదు. సెప్టెంబర్ 1 నుంచి పంపేస్తారని అంటున్నారు. లాలా రాత్రంతా ఫోన్‌లోనే. పొద్దున నాతో "నువ్వు ఇంటర్ చదివినోడివి, నెట్‌లో చూసి నిజమేంటో చెప్పు" అన్నాడు. చూశా. ఒక్కోడు ఒక్కో రకంగా రాస్తున్నాడు.

పుట్టిన దేశంలో ఉండే హక్కు వీళ్ళకి లేదా? కార్డు ఉన్నవాళ్ళను కూడా ఎలా పంపుతారు? అక్కడికి పోతే ఆ పిల్ల చదువు ఏమవుతుంది? పోనీ లాలాయే వెళ్ళి దగ్గరుండి తీసుకెళ్దాం అంటే ఆయనకు పాకిస్తాన్ వీసా కావాలి. తల్లి ఉన్న ఇంటికి పోవడానికి వీసా ఏంటన్నా? నాకు మింగుడు పడట్లేదు.

---

కోరుట్ల_కుర్రాడు | ఆగస్టు 24

అన్నా, తప్పుగా అనుకోకు. వాళ్ళకు వాళ్ళ దేశం ఉంది కదా, వెళ్తే ఏమైంది? 2018లో కువైట్ ఆమ్నెస్టీ ఇచ్చినప్పుడు మా బాబాయి లాంటివాళ్ళు ఎంతమంది వచ్చేయలేదు? కాగితం లేకపోతే ఏ దేశమైనా పంపేస్తుంది. ఇందులో టెన్షన్ పడాల్సింది ఏముంది?

---

జగిత్యాల_షార్జా | ఆగస్టు 24

మీ బాబాయి కోరుట్లలో బస్సు దిగితే ఆటోవాడు కూడా గుర్తుపట్టి ఉంటాడు తమ్ముడూ. లాలా బిడ్డ కాబూల్ కాదు కదా, సరిహద్దు కూడా చూళ్ళేదు. అది వాళ్ళ నాయన కూడా సరిగ్గా చూడని దేశం. పైగా వీళ్ళకి కాగితం ఉంది. కాగితమే చచ్చిపోయింది.

---

నల్గొండ_బోరుబావి | ఆగస్టు 25

తమ్ముడూ, నేను నీళ్ళ ఇంజినీర్‌ని. మా నల్గొండ ఫ్లోరైడ్ ఊళ్ళలో పని చేసీ చేసీ, 2016లో ఒక సహాయ సంస్థ తరఫున అఫ్ఘానిస్తాన్‌లోని జలాలాబాద్ వెళ్ళాను. ఏడాదిన్నర ఉన్నాను. పాకిస్తాన్ నుంచి తిరిగొచ్చిన కుటుంబాలకి చేతిపంపులు వేయడం నా పని. అందుకే నీ లాలా సంగతి నాకు కొత్త కాదు.

ముందు కార్డు. 2006-07లో నాద్రా వాళ్ళు (మన ఆధార్ సంస్థ లాంటిది) ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థతో కలిసి 20 లక్షల పైచిలుకు మందిని నమోదు చేసి ఇచ్చింది పీఓఆర్ కార్డు. దాని మీద ఏం రాసి ఉంటుందో లాలాను అడుగు. పాకిస్తాన్‌లో తాత్కాలికంగా ఉంటున్న అఫ్ఘాన్ పౌరుడు అని. కీలకమంతా ఆ 'తాత్కాలికం' అనే మాటలో ఉంది. గడువు అయిపోవడం, ఆరు నెలలో ఏడాదో పొడిగించడం, మళ్ళీ అయిపోవడం. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఆ కార్డుతో బ్యాంకు ఖాతా తెరవనిచ్చింది కూడా 2019లోనే. అప్పటిదాకా లక్షలు సంపాదించిన వ్యాపారి కూడా పాకిస్తానీ స్నేహితుడి పేరు మీద బతకాల్సిందే.

2017లో ఇంకో రకం కార్డు ఇచ్చారు, అఫ్ఘాన్ సిటిజన్ కార్డు అని, ఎనిమిది లక్షల మందికి. ఇక ఏ కార్డూ లేనివాళ్ళు మూడో రకం. 2023 అక్టోబర్ 3న మొదట ఆ మూడో రకం వాళ్ళ మీద పడ్డారు, నవంబర్ 1 కల్లా వెళ్ళిపోవాలని ప్రకటించారు. ఈ ఏడాది మార్చి 31 గడువు పెట్టి సిటిజన్ కార్డు వాళ్ళను పొమ్మన్నారు. అప్పట్లో పీఓఆర్ వాళ్ళు "మనది గట్టి కార్డులే" అనుకుని ఉంటారు. ఇప్పుడు వంతు వాళ్ళ దాకా వచ్చింది. సుమారు 13 లక్షల మంది.

పుట్టుక హక్కు అడిగావు. పాకిస్తాన్ పౌరసత్వ చట్టం 1951లోది. నాలుగో సెక్షన్ చదివితే అక్కడ పుట్టినవాళ్ళు పౌరులే అని ఉంటుంది. కానీ అఫ్ఘాన్ల దగ్గరకొచ్చేసరికి ఆ సెక్షన్‌ను కదిలించరు. 2018 సెప్టెంబర్‌లో ఇమ్రాన్ ఖాన్ ప్రధాని అయిన కొత్తలో, ఇక్కడ పుట్టిన అఫ్ఘాన్ పిల్లలకు పౌరసత్వం ఇస్తామని కరాచీలో అన్నాడు. నానా గొడవ అయింది. మాట అక్కడే ఆగిపోయింది. శరణార్థుల ఒప్పందం మీద పాకిస్తాన్ సంతకమే చేయలేదు. మనమూ చేయలేదు, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

ఎందుకు పంపుతున్నారు అంటే, పాకిస్తాన్ చెప్పేది భద్రత. 2021లో కాబూల్ తాలిబన్ల చేతికి వచ్చాక పాకిస్తాన్‌లో దాడులు పెరిగాయి. దాడి చేసేవాళ్ళకు అవతల ఆశ్రయం దొరుకుతోందని కాబూల్ మీద కోపం. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆ కోపం రొట్టెలు కాల్చుకునేవాడి మీద పడుతోంది. అయితే ఒక మాట న్యాయంగా చెప్పాలి. 1980లలో 30 లక్షల మందికి చోటిచ్చిన దేశం అది. డబ్బున్న దేశాలు తలా కొన్ని వేల మందిని తీసుకుని చేతులు దులుపుకున్నాయి. నేను అక్కడ కలిసిన అఫ్ఘాన్లలో పెషావర్‌ను తిట్టినవాళ్ళు తక్కువ, పోలీసులను తిట్టినవాళ్ళు ఎక్కువ.

ఇక నేను చూసింది. టోర్ఖం సరిహద్దు దాటి జలాలాబాద్ వైపు వచ్చే లారీలుంటాయి కదా, ఆ బొమ్మలేసిన పాకిస్తాన్ లారీలు, వాటి మీద అన్నిటికంటే పైన కనిపించేవి దూలాలు. మొదట్లో కలప వ్యాపారం అనుకున్నాను. కాదు. స్థలం వాళ్ళది కాదు, మట్టి గోడ మోసుకురాలేరు. కాబట్టి ఇంటి దూలాలు, తలుపులు, కిటికీ చట్రాలు ఊడదీసుకుని వస్తారు. వాటి మీద మంచాలు, మంచాల మీద పిల్లలు. ఒక లారీలో సీలింగ్ ఫ్యాన్‌ను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్న ముసలాయన్ని చూశాను. ఆయన దిగిన చోట కరెంటు స్తంభమే లేదు.

సుర్ఖ్‌రోద్ వైపు పాతిక కుటుంబాల కోసం వేసిన పంపు దగ్గర నెల తిరక్కముందే వంద కుటుంబాలు బిందెలతో నిలబడ్డాయి. పిల్లలు నాతో ఉర్దూలో మాట్లాడేవాళ్ళు. నా నల్గొండ హిందీ వాళ్ళకు ఎంత సంతోషమో! స్థానిక పిల్లలు వాళ్ళను "పాకిస్తానీలు" అని ఏడిపించేవాళ్ళు. అక్కడ అఫ్ఘానీ, ఇక్కడ పాకిస్తానీ.

ఆకుపచ్చ కళ్ళ అఫ్ఘాన్ అమ్మాయి ఫొటో గుర్తుందా, 1985లో నేషనల్ జియోగ్రాఫిక్ అట్ట మీద వచ్చింది? షర్బత్ గులా. ఆ ఫొటో తీసింది పెషావర్ దగ్గర నాసిర్ బాగ్ క్యాంపులోనే. 2016లో ఆమెను పెషావర్‌లో దొంగ గుర్తింపు కార్డు కేసులో అరెస్టు చేశారు. నవంబర్‌లో టోర్ఖం దాటించారు. నేను అప్పుడు జలాలాబాద్‌లోనే ఉన్నాను. మా డ్రైవర్ రేడియో విని, "ప్రపంచమంతా గుర్తుపట్టే ముఖానికే కార్డు లేదంటే ఇక మన సంగతేంటి సాబ్" అన్నాడు.

లాలాకు నాలుగు మాటలు చెప్పు. వెళ్ళక తప్పదనుకుంటే పోలీసులు వచ్చేదాకా ఆగొద్దు. నౌషేరా దగ్గర అజాఖేల్‌లో శరణార్థుల సంస్థ కేంద్రం ఉంది. కార్డులు తీసుకుని అక్కడికి వెళ్ళి నమోదు చేయించుకుంటే కార్డు రద్దు చేసి పంపుతారు, దాంతో అవతల కొంత డబ్బు సాయం అందుతుంది. నేనున్నప్పుడు మనిషికి 400 డాలర్లు ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు అంత ఆశ పెట్టుకోవద్దు. పోలీసు వ్యానెక్కి వెళ్తే అదీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. 2023లో మనిషికి 50 వేల పాకిస్తాన్ రూపాయలకు మించి తీసుకెళ్ళనివ్వలేదు, కాబట్టి నగదు సంగతి ముందే కనుక్కోమను. సామాన్లు ఓనర్ చెప్పిన రేటుకి అమ్మొద్దు. వాడికి నెలాఖరు తేదీ తెలుసు.

అమ్మాయి చదువు గురించి అబద్ధం చెప్పలేను. అక్కడ ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి 2021 నుంచి లేదు. మదర్సాలు ఉన్నాయి. ఇంట్లో ఫోన్ పెట్టుకుని చదివేవాళ్ళూ ఉన్నారు, నెట్ ఉన్నన్నాళ్ళు.

---

కంచరపాలెం_మనవరాలు | ఆగస్టు 26

బోరుబావి గారు రాసింది చదివి ఆ దూలాల దగ్గరే ఆగిపోయాను.

మాది వైజాగ్ బర్మా క్యాంపు. మా అమ్మమ్మ రంగూన్‌లో పుట్టింది, వాళ్ళ నాన్న అక్కడే పుట్టాడు. ఇంట్లో తెలుగు, బజార్లో బర్మీస్. అక్కడివాళ్ళు మనల్ని 'కొరంగీలు' అనేవాళ్ళట, కోరంగి రేవు నుంచి వచ్చామని. 1964లో కొట్లన్నీ ప్రభుత్వం తీసేసుకుంది, పెద్ద నోట్లు రద్దు చేసింది. ఓడెక్కేటప్పుడు అమ్మమ్మ చెవి దిద్దులు కూడా తీయించుకున్నారు. వైజాగ్‌లో దిగితే ఇక్కడి జనం కాందిశీకులు అన్నారు. "మీ దేశం మీరు వచ్చారు కదా" అని కోరుట్ల తమ్ముడు అన్నట్టే అందరూ అనేవాళ్ళట. అమ్మమ్మ అప్పటిదాకా ఇండియాని పటంలోనే చూసింది. తమ్ముడిని అనడం లేదు, బయటి నుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది.

నాకు తెలిసిన పని మాట ఒక్కటే. అమ్మమ్మ తొమ్మిదో తరగతి పాసైంది, కాగితం తెచ్చుకోలేదు. ఇక్కడ చదువు లేనిదాని కింద లెక్క కట్టారు. లాలా గారి పాపకి బడి నుంచి టీసీ, మార్కుల కాగితాలు, పిల్లలందరి పుట్టిన సర్టిఫికెట్లు, టీకాల కార్డులు ఇప్పుడే తీసుకోమనండి. స్టాంపు వేయించమనండి. ప్రతి కాగితం ఫొటో తీసి లాలా గారి ఫోన్‌లో ఒకటి, మీ ఫోన్‌లో ఒకటి ఉంచండి. రేపు ఎక్కడైనా ఆన్‌లైన్‌లో చేరాలన్నా, ఏ దేశానికైనా దరఖాస్తు పెట్టాలన్నా మొదట అడిగేది అదే.

---

జగిత్యాల_షార్జా | ఆగస్టు 27

బోరుబావి అన్నకు, అక్కకు చేతులెత్తి దండం. లాలాకు లైను లైనుగా హిందీలో చెప్పా. కార్డు మీద తాత్కాలికం అని ఉందా అంటే తమ్ముడి కార్డు ఫొటో తీసి చూపించాడు. ఉంది. "మా నాయన కూడా ఇదే మాట అనేవాడు, వచ్చే వేసవికి పోతాం అని. సమాధి పెషావర్‌లో ఉంది" అన్నాడు.

దూలాల సంగతి చెప్తే పెద్దగా నవ్వాడు. "ఆ ఇంజినీర్ సాబ్ నిజంగానే చూశాడు" అన్నాడు. 2007లో క్యాంపు కూలగొట్టినప్పుడు ఊడదీసిన దూలాలే ఇప్పుడు తమ్ముడి తందూర్ షెడ్డు మీద ఉన్నాయట.

బడికి తమ్ముణ్ణి పంపారు. టీసీ రెండు రోజుల్లో ఇస్తామన్నారు. ఆ పిల్ల మాత్రం టీసీ వద్దని ఏడుస్తోందట, అది తీసుకుంటే బడి అయిపోయినట్టే కదా అని. లాలా వాళ్ళమ్మేమో అసలు కదలనంటోంది. పోలీసులు వస్తే మంచంతో సహా మోసుకుపొమ్మంటోంది.

ఇంకో ప్రశ్న. లాలా మేనబావ ఒకడు ఇరాన్‌లో, మష్‌హద్‌లో ఉన్నాడు. భార్యాపిల్లల్ని అటు పంపితే?

---

నల్గొండ_బోరుబావి | ఆగస్టు 27

వద్దు. ఆ మేనబావే ఎన్నాళ్ళుంటాడో చూసుకోమను. ఇరాన్‌లో 2022 జనగణనలో ఇచ్చిన చీటీల మీద లక్షల మంది ఉండేవాళ్ళు. వాటిని రద్దు చేసి జులై 6 గడువు పెట్టారు. జూన్‌లో ఇజ్రాయెల్‌తో యుద్ధం అయ్యాక గూఢచారులనే అనుమానం కూడా తోడైంది, ఇస్లాం ఖలా సరిహద్దు దారిన రోజుకి వేలమందిని తోసేశారు. ఈ ఏడాది రెండు దేశాల నుంచి కలిపి ఇప్పటికే 20 లక్షల మందికి పైగా అఫ్ఘానిస్తాన్ చేరారు.

వాళ్ళ సొంతూళ్ళో, కునార్‌లో ఎవరైనా ఉన్నారా? ఉంటే అదే నయం. జలాలాబాద్‌లో అద్దెలు భరించలేరు.

---

జగిత్యాల_షార్జా | సెప్టెంబర్ 3

రెండు మూడు రోజులుగా రాయడానికి చేతులు రాలేదు.

అన్న అడిగినట్టు కునార్‌లో ఉన్నారు. నూర్‌గల్ జిల్లాలో లాలా చిన్నాయన కుటుంబం. వాళ్ళ దగ్గరికే వెళ్దామని అనుకున్నారు, ఒక గది ఖాళీ చేసి ఇస్తామన్నారు కూడా. ఆదివారం అర్ధరాత్రికి కాస్త ముందు భూకంపం వచ్చింది. మీరు వార్తల్లో చూసే ఉంటారు. కొండ వాలు మీద మట్టి, రాళ్ళ ఇళ్ళు. దారులు మూసుకుపోతే హెలికాప్టర్లు వెళ్ళాయి. లాలా ఎవరికి ఫోన్ చేసినా కలవలేదు. మంగళవారం పొద్దున తెలిసింది. చిన్నాయన, ఆయన కోడలు, ఇద్దరు పిల్లలు పోయారు. ఇస్తామన్న ఆ గది కూడా లేదు.

ఇక పెషావర్‌లోనే ఎలాగోలా దాక్కుంటారు అనుకున్నా నేను. నిన్న వాళ్ళమ్మ ఫోన్ చేసింది. మంచంతో మోసుకుపొమ్మన్న ఆమె, ఇప్పుడు తనే లారీ మాట్లాడమంది. మరిది ఇంట్లో మిగిలిన పిల్లలకు అన్నం వండేవాళ్ళు లేరట. లాలా వద్దని అరిచాడు, బతిమాలాడు. ఆమె వినలేదు. పన్నెండేళ్ళలో లాలా ఏడవడం మొదటిసారి చూశా. షాపులో మా ముదీర్ (మేనేజర్) కూడా ఏమీ అనకుండా షట్టర్ సగం దించేశాడు.

శుక్రవారం అజాఖేల్ వెళ్ళి నమోదు చేయించుకుంటారు. తమ్ముడు షెడ్డు మీద దూలాలు దింపుతున్నాడు, రేకులు కూడా. అక్కడ ఇప్పుడు వాటికి పని ఉంటుందన్నాడు. టీసీ వచ్చింది, మార్కుల కాగితం వచ్చింది, నా ఫోన్‌లో కూడా పెట్టుకున్నా. లెక్కల్లో ఆ పిల్లకి 91.

రూంలో అందరం కలిసి 2,300 దిర్హాంలు పోగు చేశాం. నేపాలీ తమ్ముడు 200 ఇచ్చాడు. పెషావర్‌కి ఇన్నాళ్ళూ తమ్ముడి స్నేహితుడి ఖాతాకి పంపేవాడు లాలా. జలాలాబాద్‌కి ఎలా పంపాలో ఆయనకీ తెలియదు. ఇక్కడి నుంచి అక్కడికి సక్రమంగా పంపే ఎక్స్‌ఛేంజ్ ఏదైనా ఉంటే, ఏయే కాగితాలు అడుగుతారో తెలిసినవాళ్ళు శుక్రవారం లోపు చెప్పండి.